గరాటులో కొండ ఎక్కడిది? ఫ్రీ ఎనర్జీ బొమ్మలతో నా అనుభవం

"డెల్టా జి నెగటివ్ అయితే చర్య దానంతట అదే జరుగుతుంది." డెల్టా జి అంటే ఫ్రీ ఎనర్జీలో వచ్చే మార్పు. ఇంటర్‌లో బట్టీ పట్టిన ఈ ఒక్క వాక్యంతోనే శ్రీకాకుళంలో డిగ్రీ కూడా గట్టెక్కింది. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీకి వచ్చాక ప్రొటీన్ ఫోల్డింగ్ (అమైనో ఆమ్లాల గొలుసు తన ఆకారంలోకి మడతపడటం) పాఠంలో రెండు బొమ్మలు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి పాత కెమిస్ట్రీ బొమ్మే: ఎడమ పక్క విప్పుకున్న గొలుసు, కుడి పక్క మడతపడ్డ ప్రొటీన్, మధ్యలో కొండ, ఎత్తు అంటే ఫ్రీ ఎనర్జీ. రెండోది గరాటు: పైన వెడల్పు, కింద సన్నం, దారిలో పెద్ద కొండేమీ లేదు. రెండూ ఒకే ప్రొటీన్ గురించే. మరి గరాటులో కిందికి జారే గొలుసుకి కొండ ఎక్కడి నుంచి అడ్డొచ్చింది? చాలా రోజులు నన్ను వదలని ప్రశ్న ఇది.

మా మాస్టారిని అడిగితే, "గరాటు సంగతి తర్వాత చూద్దువుగానమ్మా, ముందు నవాసాగరం నీళ్లలో కలిపి చూడు" అన్నారు. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరమే, అంటే అమోనియం క్లోరైడ్. గ్లాసులో వేసి తిప్పితే గ్లాసు చల్లబడింది. అంటే అది బయటి నుంచి వేడి లాక్కుంటోంది. మోలుకి దాదాపు 15 కిలోజౌళ్లు. శక్తి పరంగా అది ఎత్తుకి ఎక్కడమే, అయినా ఎవరూ తొయ్యకుండా కరిగిపోతోంది. అప్పుడు లెక్క కట్టాను. 25 డిగ్రీల దగ్గర ఉష్ణోగ్రతని (కెల్విన్లలో) ఎంట్రోపీ మార్పుతో, అంటే అణువులు ఎన్ని రకాలుగా అమరగలవో చెప్పే కొలతలో మార్పుతో, గుణిస్తే 22 కిలోజౌళ్లు వస్తుంది. 15 లోంచి 22 తీసేస్తే మైనస్ 7. విల్లార్డ్ గిబ్స్ 1870లలో చెప్పిన తీసివేత ఇదే. డెల్టా జి అనేది ఒకే సరుకు కాదు, రెండింటి మధ్య తేడా. నాకు మొదటి తాళం ఇక్కడే ఊడింది.

రెండోది వజ్రం. వజ్రం గ్రాఫైట్‌గా మారితే మోలుకి దాదాపు 2.9 కిలోజౌళ్ల ఫ్రీ ఎనర్జీ తగ్గుతుంది. అయినా ఉంగరంలో వజ్రం తరతరాలు అలాగే ఉంటుంది, మధ్యలో కొండ అంత ఎత్తు కాబట్టి. బొమ్మ రెండు చివర్ల మధ్య తేడా ఎటు వెళ్లాలో చెబుతుంది, కొండ ఎత్తు ఎంత వేగంగా వెళ్తుందో చెబుతుంది. ఎంజైమ్ కొండని తగ్గిస్తుంది, చివర్లని ముట్టుకోదు. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది.

అసలు చిక్కు ప్రొటీన్‌తోనే. క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ని యూరియాతో, దాని గంధకపు బంధాలు తెంచే రసాయనంతో పూర్తిగా విప్పి, ఆ రెండూ తీసేస్తే అది మళ్లీ తనంతట తానే మడతపడి పని మొదలెట్టిందని చూపించాడు. 1972లో నోబెల్ వచ్చింది. 1969లో సైరస్ లెవింతాల్ ఇలాంటి లెక్క ఒకటి ముందుపెట్టాడు. 100 అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కోదానికి మూడేసి భంగిమలు అనుకున్నా మొత్తం 1 పక్కన 47 సున్నాలు దాటుతాయి. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే విశ్వం వయసు చాలదు. నిజానికి చిన్న ప్రొటీన్లు కొన్ని మైక్రోసెకన్లలోనే మడతపడతాయి. గరాటు బొమ్మ వచ్చింది ఈ ప్రశ్నకి జవాబుగానే: ఏ భంగిమ నుంచి బయల్దేరినా వాలు కిందికే ఉంటే వెతుకులాట అక్కర్లేదు.

కానీ గరాటులో నిలువు కొలత పూర్తి ఫ్రీ ఎనర్జీ కాదు. అందులో గొలుసు లోపలి శక్తి, చుట్టూ ఉన్న నీటి లెక్క మాత్రమే ఉన్నాయి. నూనె స్వభావం ఉన్న భాగాలు లోపలికి దాక్కుంటే వాటి చుట్టూ క్రమంగా నిలబడ్డ నీటి అణువులకి విడుదల దొరుకుతుంది, ఆ లాభం కూడా ఈ నిలువులోనే ఉంది. గొలుసు సొంత ఎంట్రోపీ మాత్రం గరాటు వెడల్పులో ఉంది. వెడల్పు అంటే ఆ ఎత్తులో ఎన్ని భంగిమలు సాధ్యమో అంత. ఇది తెలిశాక రఫ్ నోట్సులో గరాటుని అడ్డంగా ముక్కలు చేసి, ఒక్కో మెట్టు దగ్గర శక్తి లోంచి వెడల్పు తాలూకు ఎంట్రోపీని తీసేస్తూ పోయాను. కిందికి దిగేకొద్దీ శక్తి తగ్గుతోంది, వెడల్పూ తగ్గుతోంది. మొదట్లో గొలుసు స్వేచ్ఛ గబగబా పోతుంది, దానికి బదులు దొరకాల్సిన బంధాలు ఇంకా పూర్తిగా కుదరవు. ఆ మధ్యలో తీసివేత ఫలితం పైకి లేస్తుంది. అదే కొండ! గరాటులో అది కనిపించదు, తీసివేత చేస్తేనే పుడుతుంది. ఆ రాత్రి హాస్టల్లో పక్క గది అక్కని లేపి మరీ చూపించాను.

ఆ తీసివేతలో రెండు వైపులా వందల కిలోజౌళ్లు ఉన్నా చివరికి మిగిలేది చాలా ప్రొటీన్లకి 20 నుంచి 60 మాత్రమే. 23 కిలోజౌళ్లు మిగిలితే గది ఉష్ణోగ్రత దగ్గర పదివేల అణువుల్లో సుమారు ఒకటి ఎప్పుడూ విప్పుకునే ఉంటుంది. ఇంత సన్నని అంచు మీద మన ఒంట్లో ప్రొటీన్లు నడుస్తున్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కోడిగుడ్డు ఉడకడమూ ఇక్కడిదే. ఉష్ణోగ్రత పెరిగితే ఎంట్రోపీ పద్దు బరువెక్కి గొలుసు విప్పుకుంటుంది. విప్పుకున్న గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని వేరే గుంటలో పడతాయి, వెనక్కి రావాలంటే పెద్ద కొండ ఎక్కాలి. అందుకే ఉడికిన గుడ్డు చల్లారినా పచ్చిది కాదు.

ఇప్పుడు జూనియర్లు ఈ పాఠం అడిగితే నేరుగా యూరియా గ్రాఫ్ దగ్గరికే తీసుకెళ్తున్నాను. అడ్డంగా యూరియా గాఢత, నిలువుగా వేగం లాగరిథమ్ వేస్తే చిన్న ప్రొటీన్లకి ఇంగ్లీషు వి అక్షరం ఆకారం వస్తుంది. ఎడమ గీత మడతపడే వేగం, కుడి గీత విప్పుకునే వేగం. రెండు గీతల్నీ యూరియా లేని చోటికి పొడిగిస్తే, ఆ రెండు వేగాల నిష్పత్తిలోంచి ప్రొటీన్ స్థిరత్వం వస్తుంది. ఒక అమైనో ఆమ్లం మార్చినప్పుడు ఎడమ గీత జరిగిందా, కుడిది జరిగిందా అని చూస్తే, కొండ మీద ఉన్నప్పటికే ఆ భాగం మడతపడిందో లేదో తెలిసిపోతుంది.