స్కీ బూట్లు: "ఎదిగే పిల్లలు కదా, ఒక సైజు పెద్దది కొందాం" అనకండి

కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లోనో ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనో మంచు మీద జారే స్కీయింగ్ బేసిక్ కోర్సు చేసొచ్చిన పిల్లలు మళ్ళీ చలికాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటారు. బెజవాడలో అమ్మానాన్నలకు అప్పుడు పట్టుకునే ప్రశ్న ఒకటే: ఇక సొంత స్కీలు కొనేయాలా? ముందు బూట్లు కొనండి. స్కీలు ఇంకో ఏడాది అద్దెవి చాలు.

అద్దె స్కీ పొడవు ఐదు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా పిల్లలు రెండు గంటల్లో సర్దుకుంటారు. అద్దె బూటు అలా కాదు. ఎంతోమంది తొక్కిన లైనర్, అంటే బూటు లోపలి మెత్తటి తొడుగు, ఇంకా మెత్తబడి, లోపల మడమ లేస్తూ ఉంటుంది. పాదం ఒక సెంటీమీటరు కదిలాక గానీ స్కీ కదలదు. స్కీలను సమాంతరంగా ఉంచి రెండు వైపులా తిరగగలిగే దశకు వచ్చిన పిల్లకి ఆ ఆలస్యమే పెద్ద అడ్డంకి. ఎడ్జ్ (స్కీ పక్క అంచు) మంచును పట్టట్లేదని కోచ్ కేకలేస్తుంటాడు, తప్పు కాలిది కాదు, బూటుది.

మన ఊళ్ళో బీసెంట్ రోడ్డు మీద నాలుగు షాపులు ఎక్కి దిగి చెప్పులు కొన్నట్టు వీటిని కొనలేం. కొలత ఇంట్లోనే తీసుకోవాలి, అదీ జాగ్రత్తగా. స్కూలు షూ సైజు చూసి లెక్కేయకండి. ఆ షూ కొన్నప్పుడే ఒక సైజు పెద్దది కొనుంటాం. స్కీ బూటు సైజు అంటే సెంటీమీటర్లలో పాదం పొడవే, దాన్ని మాండోపాయింట్ అంటారు. గోడకు మడమ ఆనించి, కాగితం మీద ఒట్టి కాలితో, బరువంతా ఆ కాలి మీదే వేసి నిలబెట్టండి. అన్నిటికంటే ముందుకొచ్చిన వేలి దగ్గర గీత గీసి మిల్లీమీటర్లలో కొలవండి. రెండు కాళ్ళూ కొలిచి, పొడుగు దాన్ని లెక్కలోకి తీసుకోండి. మన ఎండలకి సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి, మంచులో ఆ ఉబ్బు ఉండదు. అందుకే పొద్దున్నే, చల్లటి గదిలో కొలవాలి. 228 మిల్లీమీటర్లు వస్తే 23 సైజు దగ్గర మొదలుపెట్టండి. చాలా కంపెనీల్లో 23, 23.5 రెండింటికీ షెల్, అంటే బయటి గట్టి ప్లాస్టిక్ డొల్ల, ఒకటే, తేడా లోపలి అట్టలోనో లైనర్‌లోనో ఉంటుంది. కాబట్టి అర సైజు పెంచితే చోటు పెరిగిందనుకోవడం భ్రమ.

వెడల్పు సంగతి మనవాళ్ళు మరీ మరిచిపోతారు. చెప్పులతో, ఒట్టి కాళ్ళతో పెరిగిన పాదం వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉంటుంది. పెద్దల బూట్ల మీద వెడల్పు మిల్లీమీటర్లలో 98 అని ఉంటే ఇరుకు, 100 మధ్యస్తం, 102 పైన వెడల్పు. ఈ అంకె ఒక ప్రామాణిక సైజుకి చెప్పేది, మామూలుగా 26.5కి. సైజు తగ్గేకొద్దీ అసలు వెడల్పూ తగ్గుతుంది. ఇరుకు బూటుతో కాలి వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే పొడవు పెంచడం మందు కాదు, వెడల్పైన మోడల్ చూడాలి.

ఇక అసలు పరీక్ష. లైనర్ బయటికి లాగేసి, ఒట్టి షెల్‌లో పాదం పెట్టించండి. వేళ్ళు ముందుకి ఆనాలి. మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడండి. 1.5 నుంచి 2 సెంటీమీటర్లుంటే సరిగ్గా ఉన్నట్టు. ఎదుగుదల కోసం కాస్త వదలాలంటే 2.5 వరకు ఒప్పుకోవచ్చు, అంతకు మించితే ఆ బూటు వద్దు. బడి ఈడు పిల్లల పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు, అంటే ఒక సైజు, పెరుగుతుంది. కాబట్టి ఒక జత ఒక సీజన్‌కి, అదృష్టం బాగుంటే రెండో దానికి. "మూడేళ్ళు రావాలి" అని కొన్న బూటు మొదటి రెండేళ్ళూ పిల్లకి పాఠం తప్పుగా నేర్పుతుంది. ఇంకొకటి: గోళ్ళు నల్లబడితే బూటు చిన్నదని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది పెద్దది. పాదం ముందుకి జారి గోడకి గుద్దుకుంటుంది.

లైనర్ మళ్ళీ పెట్టి బకిల్స్ బిగించాక, నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తాకాలి. మోకాళ్ళు వంచి ముంగాలి ఎముకను బూటు నాలుకకి నొక్కితే వేళ్ళు వెనక్కి జరిగి ఖాళీ దొరకాలి. మడమ లేవకూడదు. ఇరవై నిమిషాలు అలాగే ఇంట్లో తిరగనివ్వండి.

ఫ్లెక్స్ అంటే బూటు ఎంత బిరుసో చెప్పే అంకె. ముప్ఫై, నలభై కిలోల పిల్లకి 50, 60 చాలు. బాగా నేర్చిన, బరువున్న టీనేజర్‌కి 70, 80. ఈ అంకెలకి ఉమ్మడి కొలబద్ద లేదు, ఒక కంపెనీ 60 ఇంకో కంపెనీ 70లా ఉండొచ్చు. మనవాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక చిక్కు: విజయవాడ వేసవిలో తొడిగి చూస్తే ప్లాస్టిక్ మెత్తగా వంగుతుంది. అదే బూటు మైనస్ పదిలో కర్రలా అవుతుంది. కాబట్టి ఏసీ బాగా పెట్టిన గదిలో చూడండి, ఇంట్లో "కొంచెం మెత్తగా ఉందే" అనిపిస్తే కంగారుపడకండి. మరీ బిరుసు బూటు వేసిన పిల్ల చీలమండ వంచలేక వెనక్కి కూర్చుంటుంది, ఆ అలవాటు మాన్పించడం కష్టం.

చలి అని రెండు జతల సాక్సులు వేయడం మన ఇళ్ళల్లో మామూలు. వద్దు. మోకాలి దాకా వచ్చే పలుచటి సాక్స్ ఒకే ఒక్క జత. మందపు సాక్స్ రక్తం ఆడకుండా నొక్కి కాళ్ళను ఇంకా చల్లబరుస్తుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు, ఆ మడత ముంగాలిని కోసేస్తుంది.

అమెరికాలో ఉన్న పిన్నిగారో మేనమామగారో "సేల్‌లో చవగ్గా ఉన్నాయి, వచ్చేటప్పుడు తెస్తాం" అంటే స్కీలకి సరేననండి, బూట్లకి మాత్రం పాదం కొలతలు, ఫొటో పంపి, వెనక్కి తీసుకునే షాపులోనే కొనమనండి. వాళ్ళ పిల్లలు వాడి గరాజ్‌లో పడేసిన పదేళ్ళ నాటి బూట్లు అస్సలు తెప్పించుకోవద్దు. పాలియురెథేన్ షెల్ గాల్లో తేమతో ఏళ్ళ తరబడి లోలోపల చివికిపోతుంది. పైకి బాగానే కనిపించి, వాలు మీద చిట్లుతుంది.

స్కీలు కొనే వేళ వచ్చినప్పుడు నిలబెడితే స్కీ పై కొన పిల్ల ముక్కుకీ నుదురుకీ మధ్య ఉండాలి. కొత్తవాళ్ళకైతే గడ్డం దగ్గర. అయితే ఎత్తు కన్నా బరువు ముఖ్యం, స్కీని వంచేది బరువే కదా. 145 సెంటీమీటర్ల, 36 కిలోల పిల్లకి 130 నుంచి 135 సరిపోతుంది. పొడవు ఎక్కువైతే తిప్పలేక మళ్ళీ స్కీల ముందు కొనలు దగ్గరకి చేర్చే పిజ్జా ముక్క ఆకారంలోకి వచ్చేస్తుంది, తక్కువైతే వేగంలో వణుకుతుంది. స్కీ నడుము దగ్గర, అంటే మధ్యలో, వెడల్పు 70 నుంచి 80 మిల్లీమీటర్లుంటే చదును చేసిన వాలుకి బాగుంటుంది. గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కారు) రెండో దశలో అఫర్వత్ కొండ పైకి, లోతు మంచులోకి వెళ్ళే పిల్లలకి మాత్రమే వెడల్పైనవి. ఆ దశ ఇప్పుడే రాదు.

ఇక్కడి నుంచి కొనేవాళ్ళు బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) ముందే బిగించి వచ్చే జూనియర్ స్కీలనే తీసుకోండి. విడిగా కొంటే రంధ్రాలు చేసే మనిషి కోసం వెతకాలి. పట్టాల మీద జరిగే బైండింగ్ అయితే వచ్చే ఏడాది పెద్ద బూటుకీ జరుపుకోవచ్చు. పిల్లల బూటు అడుగూ పెద్దల బూటు అడుగూ ఒకే ఆకారంలో ఉండవు, రెంటినీ పట్టే బైండింగులు కొన్నే. బూటు అడుగున ఏ రకమో, మడమ పక్కన మిల్లీమీటర్లలో ఏ అంకె ఉందో రాసిపెట్టుకోండి. బైండింగ్ ఎంత బలానికి బూటును వదలాలో చెప్పే అంకె ఒకటుంటుంది: చిన్న బైండింగుల్లో అది 0.75 నుంచి 4.5 వరకు, తర్వాతి వాటిలో 2 నుంచి 7 వరకు తిరుగుతుంది. 36 కిలోల పిల్లకి మొదటివే. ఈ అంకెను బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పు చూసి షాపులో టెక్నీషియన్ పెట్టాలి. ఊడిపోతోందని నాన్న స్క్రూడ్రైవర్‌తో బిగించేస్తే, పడ్డప్పుడు ఊడాల్సింది ఊడక మోకాలు మెలిపడుతుంది. ఏటా బరువు పెరుగుతుంది కనుక ఏటా మళ్ళీ చూపించాలి.

సీజన్ అయ్యాక దాచడం మనకే కష్టం. రోళ్ళు పగిలే ఎండల్లో అటక మీద పెట్టొద్దు. బూట్ల లైనర్లు తీసి ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టి, మళ్ళీ పెట్టి, బకిల్స్ వదులుగా తగిలించండి. తెరిచి వదిలేస్తే షెల్ ఆకారం విచ్చుకుంటుంది. స్కీ ఎడ్జ్‌లు ఇనుపవి, వానాకాలపు తేమకి తుప్పు పడతాయి. తుడిచి, అడుగునా ఎడ్జ్‌ల మీదా వాక్స్ మందంగా పూసి, గీకకుండా అలాగే ఉంచి, మంచం కింద పడుకోబెట్టండి. డిసెంబర్లో బయల్దేరే ముందు గీకించుకుంటే చాలు. బూట్లు లగేజీలో వేయకుండా, విమానయాన సంస్థ ఒప్పుకుంటే చేతిలోనే తీసుకెళ్ళండి. స్కీలు దారిలో తప్పిపోతే గుల్మార్గ్‌లో అద్దెకి దొరుకుతాయి, ఆ పాదానికి కుదిరిన బూట్లు దొరకవు.