ఆరోగ్యపచ్చ: ఆకు దగ్గర ఆగిపోయిన మందు

అగస్త్యకూడం ఎక్కాలంటే కేరళ అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. మామూలుగా జనవరి నుంచి మార్చి లోపే ఇస్తారు. బోణక్కాడ్‌లో నడక మొదలు, రాత్రికి అతిరుమల శిబిరం, మర్నాడు 1,868 మీటర్ల శిఖరం. దారి చూపేది కాణి గిరిజనులే.

1987లో వృక్ష శాస్త్రవేత్త డాక్టర్ పుష్పాంగదన్ బృందం మూలికల సర్వేకని ఈ కొండల్లో తిరిగింది. పరిశోధకులు అలసి కూలబడుతుంటే, వెంట వచ్చిన కాణిలు ఏవో చిన్న పండ్లు నములుతూ హుషారుగా నడిచారు. అవేంటని అడిగితే మొదట చెప్పలేదు కూడా. అదే ఆరోగ్యపచ్చ. జానెడంత మొక్క, వాగుల పక్కన చెట్ల నీడలో పెరుగుతుంది. ఒక్కో కాడకు ఒక్కటే ఆకు, ఆకు మొదట్లో ముదురు ఊదా పూలు.

కాణిలు తినేది పండు. ప్రయోగశాలలో పనికొచ్చింది ఆకు. మన నల్లమలలో నన్నారి కోసం మారేడు గడ్డ తవ్వితే తీగే పోతుంది. ఇక్కడ ఆకు కోసుకున్నా దుంప మిగులుతుంది, మళ్లీ చిగురిస్తుంది. జాగ్రత్తగా చేసుకుంటే తరాలపాటు నడిచే పంట ఇది.

ఆరోగ్యపచ్చకు అశ్వగంధ, పిప్పలి, విష్ణుక్రాంత కలిపి 'జీవని' అనే బలం మందు తయారైంది. 1995లో దాని తయారీకి పుష్పాంగదన్ పరిశోధన సంస్థ కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయలకు లైసెన్స్ ఇచ్చింది, అమ్మకాలపై 2 శాతం రాయల్టీ. రెండింట్లోనూ సగం కాణిలది. ఆ డబ్బు అందుకోవడానికి 1997లో ట్రస్టు పెట్టారు, 1999లో 5.19 లక్షలు చేరాయి. అయితే అందరికీ ఇది నచ్చలేదు. తమ విద్యను కంపెనీకి అమ్మడమేంటని ప్లాథిలు, అంటే కాణి వైద్యులు, 1995లోనే ముఖ్యమంత్రికి రాశారు. వాళ్లను ముందే కూర్చోబెట్టి అడగాల్సింది.

అసలు దెబ్బ మాత్రం ఆకు దగ్గర పడింది. ఈ మొక్కను తోటలో, ఎండలో వేస్తే మందు గుణం నిలవదు, దానికి ఆ అడవి నీడే కావాలి. అక్కడ సాగు చేయబోతే, ఆ పేరుతో అడవి మొక్కలు పీకేస్తారని అటవీ శాఖ అడ్డుపడింది. విద్యకు వాటా రాసిచ్చారు గానీ ఆకు కోసుకునే హక్కు ఇవ్వలేదు. సరుకు లేక ఫార్మసీకి చిక్కు, రాయల్టీ తగ్గి గూడేలకు నష్టం.

మీరు వెళ్లినప్పుడు గైడు ఈ మొక్క చూపిస్తే వంగి చూడండి, అంతే. కోసివ్వమని అడగొద్దు, చిక్కుల్లో పడేది అతనే.