తెల్ల పులి ముందు మా మేనరికం

మా ఆయన నాకు మేనమామ, మా అమ్మకు సొంత తమ్ముడు. చిత్తూరు జిల్లాలో ఇదేమీ వింత కాదు. మా పెళ్లప్పుడు ఎవరూ రెండో మాట అనలేదు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, మొన్న తిరుపతి జూలో ఓ తెల్ల పులి ముందు నిలబెట్టి మా అమ్మాయి మా ఇద్దరి పరువూ తీసేసింది.

అది తిరుపతిలోనే వెటర్నరీ చదువుతోంది. సెలవులకు దాన్ని ఎక్కించుకుని పలమనేరు దగ్గర మా అమ్మ ఊరికి పోదామని కారులో బయల్దేరాం. దర్శనం టికెట్లు దొరకలేదు. కింద నుంచే కొండకు దండం పెట్టుకుని, సగం రోజు మిగిలింది కదా అని జూకి పోయాం. 1987లో పెట్టిన ఈ జూ ఎంత పెద్దదంటే, నడిచి చూడాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవు. బ్యాటరీ బండి ఎక్కాం.

తెల్ల పులి నీడన పడుకుని ఉంది. ఒళ్లు మీగడ రంగు, చారలు కాఫీ డికాక్షన్ రంగు. పిల్లలు కేకలేస్తుంటే తలెత్తి ఇటు తిరిగింది. ఎడమ కన్ను మా మీదే ఉంది గానీ, కుడి కన్ను ముక్కు వైపు పోయింది.

"పాపం, మెల్లకన్ను" అన్నాను.

"తెల్ల పులుల్లో చాలావాటికి అంతేనమ్మా. ఒంట్లో రంగు తగ్గితే, కంటి నుంచి మెదడుకు పోయే నరాలు దారి తప్పుతాయి. ఇక మిగతా జబ్బులంటావా, అవి దగ్గర సంబంధాల వల్ల" అని క్లాసు మొదలుపెట్టింది.

1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా మహారాజు మార్తాండ్ సింగ్‌కు అడవిలో ఒక తెల్ల మగ పులిపిల్ల దొరికింది. మోహన్ అని పేరు పెట్టి పెంచాడు. మామూలు ఆడపులితో జత కలిపితే పుట్టినవన్నీ మామూలు రంగువే. అప్పుడు ఆ సంతానంలోనే రాధ అనే కూతురిని మోహన్‌కు జత చేశారు. 1958లో నాలుగు తెల్ల పిల్లలు పుట్టాయి. ఇవాళ జూల్లో మనం ఫొటోలు దిగే తెల్ల పులుల్లో చాలా వరకు ఆ వంశమే.

"తండ్రికీ కూతురికా! ఛీ" అన్నాను.

"మీరేం తక్కువ తిన్నారు?" అంది.

మా ఆయన అర్జెంటుగా నీళ్ల బాటిల్ మూత తిప్పుకుంటూ అటు తిరిగాడు. అది వదల్లేదు. వేళ్ల మీద లెక్క చెప్పింది. "నాన్న వాళ్ల నాన్న నాకు తాత. ఆయనే అమ్మమ్మకు నాన్న కాబట్టి ముత్తాత కూడా. వేరేవాళ్లకు ఇద్దరు మనుషులుండే చోట నాకు ఒక్కడే. ఆయనలో చెడ్డ జన్యువు ఒకటి దాక్కుని ఉందనుకో, అమ్మ దారిన ఒకటి, నాన్న దారిన ఒకటి వచ్చి నాలో కలవొచ్చు. ఒక్కటే వస్తే మామూలుగా బయటపడదు. రెండూ కలిస్తేనే గొడవ."

ఇది నాకు కొత్త కాదు. దీన్ని కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ "మేనరికమా?" అని అడిగి, రాస్తున్న పెన్ను ఆపింది. ఆ తొమ్మిది నెలలూ నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు.

చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కుతున్నా దాని పాఠం ఆగలేదు. మనుషులకు పక్క ఊరు సంబంధాలైనా ఉంటాయి. అడవి చుట్టూ ఊళ్లు, రోడ్లు పెరిగిపోతే జంతువులకు అదీ ఉండదు. ఒడిశాలోని సిమిలిపాల్‌లో మూడో వంతుకు పైగా పులుల చారలు కలిసిపోయి నల్లగా కనిపిస్తాయట. బెంగళూరు శాస్త్రవేత్తలు 2021లో దానికి కారణమైన జన్యువును పట్టుకున్నారు. కొద్ది పులులే, బయటి పులుల రాకపోకలు లేక, వాటిలో అవే జత కట్టి అలా అయ్యాయని తేల్చారు. నల్ల రంగు వల్ల వాటికి కష్టమేదీ ఇంతవరకు కనబడలేదట. అమెరికాలో ఫ్లోరిడాలోని ప్యూమాలకు (పిల్లి జాతిలో పెద్ద జంతువులు) మాత్రం 1990ల నాటికి తోకలు వంకర, గుండెలో రంధ్రాలు, మగవాటికి వృషణాలు కిందికి దిగకపోవడం. అప్పటికి మిగిలినవి ఇరవై ముప్పై. 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడవాటిని తెచ్చి వదిలితే, తర్వాతి తరాల్లో ఆ లోపాలు తగ్గాయి, సంఖ్య పెరిగింది.

"అంటే ఎనిమిది మంది కోడళ్లను తెచ్చుకున్నారన్నమాట" అన్నాడు మా ఆయన. జూ దాటాక ఆయన అన్న మొదటి మాట అది.

ఊరు చేరేసరికి చీకటి పడింది. మా అమ్మ వాకిట్లోనే మొదలుపెట్టింది. "నిన్న మళ్లీ వచ్చినాయి. టమోటా తోటంతా తొక్కేసినాయి." మా వైపు ఏనుగులు మొదటి నుంచీ లేవు. ఆంధ్రలో సుమారు రెండు వందల ఏళ్లు అడవి ఏనుగన్నదే లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి నడిచి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు.

పక్కింటాయన వచ్చి కూర్చున్నాడు. "కందకం తవ్వినారు, సోలార్ కంచె ఏసినారు. అయినా ఆగవు బావా. నాలుగు పక్కలా గోడ కట్టేయాల."

"గోడ కడితే ఎట్లా మామా? వయసొచ్చిన మగ ఏనుగు మందను వదిలి పోవాల. అది పోయి వేరే మంద ఆడవాటితో జత కట్టాల, బయటిది ఇక్కడికి రావాల. లేకుంటే ఇవన్నీ ఒకే ఇంటివి అయిపోతాయి" అంది మా అమ్మాయి.

ఆయన నవ్వలేదు. ఆయన చెరుకు పోయింది మరి. పంట పోయినవాడి ముందు జన్యువుల మాట ఎత్తడం నాకు ఇబ్బందిగా అనిపించింది. అలాగని పిల్ల చెప్పేది తప్పనీ అనలేను. గోడకయ్యే డబ్బు నష్టపరిహారంగా వెంటనే చేతిలో పెడితే ఆయన ఇంత కోపంగా ఉండేవాడు కాదు.

తెల్లవారి తోటకు పోయాం. కట్టెలు విరిగి, పచ్చి కాయలు బురదలో కూరుకుని ఉన్నాయి. కందకం గట్టు ఒకచోట జారిపోయింది, అక్కడ పళ్లెమంత అడుగు. మా అమ్మాయి చెప్పులు విడిచి దిగి, చున్నీని అడుగు చుట్టూ పరిచి కొలిచింది. "నాలుగున్నర అడుగులు. ముందు కాలి చుట్టుకొలతకు రెండింతలు ఎత్తు. తొమ్మిది అడుగులు నాన్నా! పెద్ద మగది. ఒక్కటే వచ్చింది, చూడు, పక్కన వేరే అడుగుల్లేవు. తమిళనాడు గుడియాత్తం వైపు నుంచి దిగింది."

దాని మొహం వెలిగిపోతోంది. వెనక మా అమ్మ విరిగిన కట్టెలు లెక్కపెట్టుకుంటోంది, ఒక్కోదానికి ఒక్కో తిట్టు.