ఆ రాత్రి తలుపు గడియ తీయలేదు

ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు జరిగిన ఆపరేషన్, కీమో సంగతి ఎక్కువ చెప్పను. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. నేను చెప్పాల్సింది ఆ తర్వాతి రేడియేషన్ గురించి.

పుత్తూరు నుంచి రోజూ తిరగలేక తిరుపతిలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మొదట స్కాన్ తీసి ఛాతీ మీద గీతలు గీశారు, చెరగనివ్వవద్దన్నారు. ఎందుకో చెప్పలేదు. "ఎడమవైపు కదా డాక్టరుగారూ, గుండెకు ఏమీ కాదా?" అని అడిగాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే, "అవన్నీ మీకెందుకమ్మా? పడుకుని లేవడమే మీ పని" అన్నారు.

నా గుండె గురించి నాకు కాక ఇంకెవరికి కావాలి? ఆపరేషన్ చేసిన డాక్టరమ్మను తలచుకుని రోజూ దండం పెట్టుకుంటాను. ఈ మాటను మాత్రం క్షమించలేను.

ఆ వారమే నా కూతురు పసిబిడ్డతో వచ్చింది. చూడటానికి వచ్చిన ఆడపడుచు, "వదినా, ఒంటికి కరెంటు పెట్టించుకుని వస్తున్నావు, బిడ్డను ముట్టుకోకు, దానికీ తగులుతుంది" అంది. కాదనడానికి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఆ రాత్రి ముందు గదిలో ఒక్కదాన్నే పడుకున్నాను. తాగిన గ్లాసు విడిగా కడిగి కిటికీలో పెట్టుకున్నాను. అర్ధరాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. లేచి వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాను, తీయలేదు. ముందురోజు ఎత్తుకున్నానే, అప్పుడే ఏమైనా అయిందేమోనని తెల్లవారేదాకా వణికిపోయాను.

మర్నాడు యంత్రం దగ్గర ఉండే అమ్మాయిని అడిగాను. "కిరణాలు బయటి నుంచి వస్తాయమ్మా. యంత్రం ఆపితే ఆగిపోతాయి, మీ ఒంట్లో ఏమీ మిగలదు. వెళ్ళి పాపను ఎత్తుకోండి" అంది. ఒక్క నిమిషం పట్టింది, అంతే! గీతలు రోజూ అదే చోట కిరణాలు పడటానికట. ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టమనేది గుండె ఆ దారి నుంచి దూరం జరగడానికట. పక్కన కూర్చునే ఆమెకు 5 వారాల్లో 25 సార్లు, నాకు 3 వారాలే. ఆరోగ్యశ్రీ కార్డు కాబట్టి తగ్గించారేమోనని కుమిలిపోయాను. ఒక్కోసారి ఇచ్చే మోతాదు కాస్త పెంచి తక్కువ రోజుల్లో ముగించే పద్ధతి అదని కూడా ఆ అమ్మాయే చెప్పింది. తిరుచానూరు అమ్మవారే ఆమెను నా ముందు నిలబెట్టిందని నమ్ముతాను.

రేడియేషన్ అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు చర్మం మీది ఇబ్బంది ఇంకా ముదరవచ్చు. నాకు చంక కింద నల్లబడి పొర ఊడింది. ముందే విన్నాను కాబట్టి రోగం తిరగబెట్టిందని భయపడలేదు. వదులుగా ఉండే నూలు జాకెట్లు వేసుకోండి. పసుపు, నూనె, ఎవరు ఏది రాయమన్నా ముందు ఆసుపత్రిలో అడగండి. నీరు కారినా, జ్వరం వచ్చినా ఆగకుండా వెళ్ళండి. ఒంట్లోపల మందు పెట్టి ఇచ్చే రేడియేషన్ అయితే జాగ్రత్తలు వేరు, బిడ్డల సంగతి డాక్టరును అడిగే తీరాలి.

ఈ విషయాలు తెలుగులో ఒక కాగితం మీద రాసి రేడియేషన్ గది బయట అంటించమని ఆసుపత్రిలో అర్జీ ఇచ్చాను. ఇంకా అంటించలేదు. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ అడుగుతున్నాను.