ఇంగ్లిష్ అల్యూజన్లు ఎలా చదివాను: నెట్, జేఎల్ (జూనియర్ లెక్చరర్) మిత్రులకు

నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) ఇంగ్లిష్ క్వాలిఫై అయినప్పటి నుంచి జూనియర్లు ఎక్కువగా అడుగుతున్నది అల్యూజన్ల గురించే, అంటే పేరొక్కటి చెప్పి వెనకున్న కథను గుర్తుచేసే మాటల గురించి. "అన్నా, దీనికి ఏ బుక్ చదవాలి?" అంటారు. ఒక్క బుక్కంటూ లేదు. సిలబస్‌లో ఆ పేరుతో యూనిట్ కూడా లేదు. కానీ పొయెట్రీ, డ్రామా, ఫిక్షన్ ఏది తెరిచినా ఏదో మూల అవి నక్కి ఉంటాయి. ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు ఇవే ఇడియమ్స్ రూపంలో తగులుతాయి. అందుకే నేను చదివిన పద్ధతి ఒకచోట రాసి పెడుతున్నా.

అల్యూజన్ అనగానే బెదిరిపోనక్కర్లేదు. పొద్దెక్కినా లేవని తమ్ముణ్ని కుంభకర్ణుడంటాం. ఇద్దరి మధ్య పుల్లలు పెట్టేవాణ్ని నారదుడంటాం. వెనకున్న కథ ఎవరూ విప్పి చెప్పరు. వినేవాడికి తెలుసన్న ధీమాతో పేరొక్కటే విసురుతాం. ఇంగ్లిష్‌లో జరిగేదీ ఇదే. చిక్కల్లా, ఆ కథలు మన అమ్మమ్మలు చెప్పినవి కావు. వాటిని మనం పనిగట్టుకుని వినాలి. నా ప్రిపరేషన్ అంతా ఈ ఒక్క పనే.

ఆ కథలు ఎక్కడివో కూడా ముందే తేల్చుకుంటే భారం సగం దిగుతుంది. ఇంగ్లండ్‌లో శతాబ్దాల పాటు బడి అంటే లాటిన్. పిల్లలు ఓవిడ్‌ను, వర్జిల్‌ను చదువుతూ పెరిగారు. ఆదివారం చర్చికి వెళ్తే చెవిన పడేది బైబిల్. టిండేల్ 1526లో అచ్చు వేయించిన కొత్త నిబంధన మాటలు చాలావరకు 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోకి వచ్చాయి, అక్కడి నుంచి వీధిలోకి నడిచాయి. ఇక షేక్‌స్పియర్. రోమన్ నాటకాలకు ఆయన ముడిసరుకు థామస్ నార్త్ 1579లో ఇంగ్లిష్ చేసిన ప్లూటార్క్ జీవితచరిత్రలే. ఆ తర్వాత నవలలు. పరీక్షలో వచ్చే అల్యూజన్లలో చాలా భాగం ఈ నాలుగు చోట్లలోనే దొరుకుతుంది.

కోచింగుల్లో ఇచ్చే మెటీరియల్లో ఇవన్నీ అక్షరక్రమంలో ఉంటాయి. అకిలిస్ హీల్ మొదటి పేజీలో, ట్రోజన్ హార్స్ చివరి పేజీలో. రెండూ ఒకే యుద్ధానివని చదివేవాడికి తెలియనే తెలియదు. నేను చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఆ జాబితాను కథలవారీగా తిరగరాసుకున్నా. ట్రాయ్ పేజీ ఎలా వచ్చిందో చెప్తాను, మిగతావి మీరే చేసుకోగలరు.

ఒక పెళ్లికి దేవతలందరినీ పిలిచి కలహదేవత ఎరిస్‌ను మాత్రం పిలవలేదు. ఆమె ఊరుకుంటుందా? అందరిలోకీ అందగత్తెకు అంటూ ఒక బంగారు ఆపిల్ విసిరింది. హీరా, ఎథీనా, ఆఫ్రొడైటీ ముగ్గురూ నాకంటే నాకన్నారు. ఇది యాపిల్ ఆఫ్ డిస్కార్డ్. తీర్పు చెప్పాల్సిన ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు ఆఫ్రొడైటీ హెలెన్‌ను ఆశ పెట్టింది. అతను ఆమెను లేవదీసుకుపోయాడు, గ్రీకులు దండెత్తారు. వెయ్యి ఓడలను కదిలించిన ముఖం ఇదేనా అని హెలెన్‌ను చూసి అడిగేది మార్లో 'డాక్టర్ ఫాస్టస్'లో ఫాస్టస్. ట్రాయ్‌లో కసాండ్రా జరగబోయేది ముందే చెప్పింది, అపోలో శాపం వల్ల ఎవరూ నమ్మలేదు. గ్రీకులు కడుపులో దాక్కుని ఉన్న కొయ్య గుర్రాన్ని లోపలికి తేవద్దని, కానుకలు తెచ్చే గ్రీకులను నమ్మొద్దని లావకూన్ మొత్తుకున్నాడు. అదీ వినలేదు. యుద్ధం ముగిశాక ఒడిస్సియస్ ఇంటి దారి పట్టాడు: పాటతో నావికులను చావుకు లాగే సైరన్లు, ఇరుకు దారికి చెరోపక్క కాచుకున్న ప్రమాదాలు సిల్లా-కరిబ్డిస్. ఇంట్లో మళ్లీ పెళ్లికి పోరేవాళ్లను ఆపడానికి భార్య పెనెలొపి పగలు నేసి రాత్రి విప్పేసే వస్త్రం, కొడుక్కి దారి చూపడానికి ఎథీనా ధరించిన మెంటర్ రూపం. మన ఆఫీసుల్లో రోజూ వాడే 'మెంటర్' అక్కడిదే. చూశారా, ఒక్క కథ చెప్పుకుంటే జాబితాలో పదికి దగ్గరగా కొట్టుకుపోయాయి.

ఇక్కడే నెట్‌వాళ్లు జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఉంది. కొయ్య గుర్రం హోమర్ 'ఇలియడ్'లో లేదు. 'ఇలియడ్' ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ఆగిపోతుంది. గుర్రం ప్రస్తావన హోమర్‌దే అయిన 'ఒడిస్సీ'లో వస్తుంది, పూర్తి కథ వర్జిల్ 'ఎనియిడ్' రెండో భాగంలో ఉంటుంది. గ్రీకు వీరుడు అకిలిస్‌కు మడమ తప్ప ఒళ్లంతా దెబ్బ తగలకుండా తల్లి థెటిస్ స్టిక్స్ నదిలో ముంచిన కథ కూడా హోమర్‌ది కాదు, క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ దగ్గర దొరుకుతుంది. గాంధారి చూపు పడి తొడ మినహా దుర్యోధనుడి ఒళ్లంతా వజ్రమైందన్న కథ మనందరికీ తెలుసు, వ్యాసభారతంలో వెతికితే కనిపించదు. రెండూ పక్కపక్కన రాసుకున్నా. మళ్లీ మర్చిపోలేదు.

మన పురాణాలతో జోడీ కట్టడం బాగా పనికొస్తుంది కానీ గుడ్డిగా కట్టకూడదు. సిసిఫస్ అనగానే 'భగీరథ ప్రయత్నం' అని రాసేసిన నోట్సులు చాలా చూశాను. భగీరథుడు గంగను దించాడు. సిసిఫస్ బండ దొర్లిస్తూనే ఉంటాడు, అది పైదాకా వెళ్లి కిందికి పడుతూనే ఉంటుంది. ఒకటి ఫలించిన కష్టం, ఇంకొకటి ఎప్పటికీ ఫలించని శిక్ష. ఆప్షన్లలో కష్టమైన పని అనీ, వ్యర్థమైన శ్రమ అనీ రెండూ పెడితే తేలేది ఇక్కడే. భగీరథుడి పక్కన అసాధ్యమైన పనులు సాధించిన గ్రీకు వీరుడు హెర్క్యులిస్‌ను పెట్టండి, సరిపోతాడు. కసాండ్రాకు నేను విదురుణ్ని పెట్టుకున్నా. శాపమేమీ లేకపోయినా, చెప్పిందంతా నిజమై ఎవరూ వినని బాధ ఇద్దరిదీ. సిల్లా-కరిబ్డిస్‌కు త్రిశంకుణ్ని పెట్టొద్దు. అతను వేలాడుతున్నాడంతే, రెండు ప్రమాదాల మధ్య దారి వెతుక్కోవడం లేదు. దానికి మన ముందు నుయ్యి వెనక గొయ్యి ఉండనే ఉంది.

రోమన్ చరిత్రకు పెద్దగా టైం పెట్టనక్కర్లేదు. గవర్నర్ సైన్యంతో ఇటలీలోకి అడుగుపెట్టకూడదన్న నియమాన్ని తోసిపుచ్చి సీజర్ క్రీస్తుపూర్వం 49లో రూబికాన్ అనే చిన్న ఏరు దాటాడు. ఇక వెనక్కి తిరగడం లేదు. పిరిక్ విక్టరీ అన్న మాటకు మూలమైన ఎపిరస్ రాజు పిరస్ క్రీస్తుపూర్వం 279లో అస్కులం దగ్గర రోమన్లను గెలిచి, ఇలాంటి గెలుపు ఇంకొక్కటి వస్తే మన పని అయిపోయినట్టే అన్నాడని ప్లూటార్క్ రాశాడు. రాజభోగానికి ఆశపడిన డమొక్లిస్ తల మీద ఒక్క వెంట్రుకకు వేలాడిన కత్తి కథ సిసెరో చెప్పింది. ఈ మూడు, నెపోలియన్ ఓడిపోయిన 1815 నాటి వాటర్లూ వస్తే చాలావరకు గట్టెక్కినట్టే.

బైబిల్ దగ్గర మనవాళ్లు చాలామంది తడబడతారు. చర్చి అలవాటున్న ఫ్రెండ్స్‌కు ఇవి ఫ్రీ మార్కులు. నాకు ఆ అలవాటు లేదు, రూమ్మేట్ దగ్గరున్న తెలుగు బైబిల్ తీసుకుని చదివాను. మొత్తం చదవలేదు లెండి. ఆదికాండం మొదటి అధ్యాయాలు, యోబు, దానియేలు ఐదో అధ్యాయం, నాలుగు సువార్తలు. విందు చేసుకుంటున్న బెల్షస్సరు రాజు ఎదుట ఒక చెయ్యి గోడ మీద రాస్తుంది, ఆ రాత్రే రాజు చస్తాడు. రైటింగ్ ఆన్ ద వాల్ అదే. యేసు చావుతో తనకు సంబంధం లేదంటూ పిలాతు నీళ్లు తెప్పించి చేతులు కడుక్కోవడం, యేసును పట్టిచ్చినందుకు యూదాకు దక్కిన ముప్పై వెండి నాణేలు, తిరిగి లేచిన యేసు గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు తోమా. ఈ తోమా చివరికి మైలాపూర్ దాకా వచ్చాడని సంప్రదాయం. చెన్నైలో ఉంటున్న మనవాళ్లు సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్ మీదుగా వెళ్తూనే ఉంటారు.

వీటిలో గుడ్ సమారిటన్ కథను మాత్రం నెమ్మదిగా చదవండి, లూకా పదో అధ్యాయం. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లే దారిలో దొంగలు ఒకణ్ని కొట్టి కొనప్రాణంతో వదిలేస్తారు. యాజకుడు చూసి పక్క నుంచి పోతాడు, లేవీయుడూ అంతే. యూదులు చులకనగా చూసే సమరయుడు ఆగి, గాయాలు కట్టి, తన పశువు మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్తాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానంటాడు. రోడ్డు మీద పడి ఉన్న మనిషి, పోలీసు గొడవ మనకెందుకని పక్క నుంచి పోయేవాళ్లు, ఆగి ఆస్పత్రి ఖర్చు కూడా చూసేవాడు. మన హైవేల మీద కనిపించేదే. అందుకే ఆ పేరు మన చట్టంలోకీ వచ్చింది. ప్రమాద బాధితులకు సాయం చేసేవారిని కాపాడే మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. గ్రూప్స్ కూడా రాసేవాళ్లకు ఇది రెండు పక్షులు.

షేక్‌స్పియర్‌కు జాబితాలు పనికిరావు, సీను చదవాల్సిందే. అసూయ పచ్చకళ్ల రాక్షసి అని ఒథెల్లోను హెచ్చరించేది ఎవరు? ఆ అసూయను స్వయంగా నాటుతున్న ఇయాగో. ఎవరు ఎవరితో అన్నారన్న ప్రశ్న వస్తే సీను చదివినవాడికి అర నిమిషం పట్టదు. 'ద టెంపెస్ట్'లో ఏరియల్ పాడే పాట నుంచి వచ్చింది సీ చేంజ్, అంటే పూర్తిగా మారిపోవడం. తండ్రి మునిగిపోయాడు, కళ్లు ముత్యాలైపోయాయి అని ఫెర్డినాండ్‌కు పాడుతుంది. నిజానికి తండ్రి నిక్షేపంగా బతికే ఉన్నాడు. ఆ ముత్యాల కళ్ల వాక్యమే ఎలియట్ 'ద వేస్ట్ ల్యాండ్'లో మళ్లీ కనిపిస్తుంది.

'ద వేస్ట్ ల్యాండ్' 1922లో వచ్చింది, అల్యూజన్లకు పెద్ద గని. మొదటి వాక్యంలోనే ఏప్రిల్‌ను క్రూరమైన నెల అని, చాసర్ హాయిగా వర్ణించిన ఏప్రిల్ జల్లులను తలకిందులు చేస్తాడు. మూడో భాగం పేరు బుద్ధుడి ఫైర్ సెర్మన్. చివరి భాగంలో బృహదారణ్యకోపనిషత్తు. ప్రజాపతి 'ద' అనే ఒక్క అక్షరం పలికితే దేవతలు దామ్యత (అదుపులో ఉండండి) అని, మనుషులు దత్త (ఇవ్వండి) అని, అసురులు దయధ్వం (దయ చూపండి) అని అర్థం చేసుకుంటారు. ఎలియట్ ఆ వరస మార్చి దత్త, దయధ్వం, దామ్యత అని రాశాడు. ఉపనిషత్తు వరసా, కవిత వరసా పక్కపక్కన రాసుకోండి. ఈ ఒక్క చోట మాత్రం ఇంగ్లండ్ విద్యార్థి కంటే మనమే ముందున్నాం.

టైటిళ్లు జతపరిచే ప్రశ్నలకు వేరే పేజీ పెట్టండి. అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' యేట్స్ నుంచి, హార్డీ 'ఫార్ ఫ్రమ్ ద మ్యాడింగ్ క్రౌడ్' గ్రే ఎలిజీ నుంచి, హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' 'ద టెంపెస్ట్'లో మిరాండా మాట నుంచి, ఫాక్నర్ 'ద సౌండ్ అండ్ ద ఫ్యూరీ' మాక్‌బెత్ నుంచి, కమలా మార్కండేయ 'నెక్టార్ ఇన్ ఎ సీవ్' కోల్‌రిడ్జ్ నుంచి. హెమింగ్వే 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్' డన్ నుంచి తీసుకున్నదే కానీ కవిత నుంచి కాదు, 1624 నాటి వచనం నుంచి. ఆప్షన్లో డన్ కవితలైన హోలీ సానెట్స్ అని పెడితే చేయి ఆపుకోండి.

మన దగ్గర నుంచి అటు వెళ్లినవీ ఉన్నాయి, ఇవి చదువుతుంటే అలసట తెలియదు. జగ్గర్నాట్ అంటే అడ్డొచ్చినదాన్ని నలిపేస్తూ పోయే శక్తి, మూలం పూరీ జగన్నాథుడు. 14వ శతాబ్దంలో భారతదేశం వచ్చిన ఒడొరిక్ అనే క్రైస్తవ సన్యాసి, రథచక్రాల కింద భక్తులు పడి చనిపోతారని రాసుకెళ్లాడు. యూరప్ ఆ బొమ్మను వదల్లేదు. దేవుడి పేరు లారీలకూ కంపెనీలకూ పోలికైపోయింది. ఇంకొకటి గోల్కొండ. ఇంగ్లిష్ నిఘంటువులో ఇది అంతులేని సంపదనిచ్చే చోటు. వజ్రాలు తవ్వింది కృష్ణా తీరాన కొల్లూరు లాంటి చోట్ల, బేరం జరిగింది గోల్కొండలో, పేరు దానికే దక్కింది. అమెరికాలో నెవాడాలోనూ ఇల్లినాయిలోనూ గోల్కొండ అనే ఊళ్లున్నాయి. ఇది పరీక్షలో వస్తుందో రాదో గానీ, లైబ్రరీలో ఇది చదివిన రోజు మా టేబుల్ దగ్గర అందరికీ వినిపించా.

నవలల నుంచి వచ్చినవి తక్కువే: క్విక్సాటిక్ (అసాధ్యమైన ఆదర్శాల వెంట పడటం), ఆర్వెలియన్ (అడుగడుగునా ప్రభుత్వ నిఘా), క్యాచ్-22 (ఎటు వెళ్లినా తప్పించుకోలేని చిక్కు), జెకిల్ అండ్ హైడ్ (ఒకే మనిషిలో మంచీ చెడూ). ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది సృష్టించినవాడి పేరు, రాక్షసుడికి పేరే లేదు. 1818 నాటి ఆ నవల ఉపశీర్షిక ఆధునిక ప్రొమీథియస్, అంటే మళ్లీ గ్రీకు పేజీకే వెళ్తాం. సినిమాలు, సిరీస్‌ల నుంచి పుట్టినవి నేను ముట్టుకోలేదు, మీరూ పెట్టుకోకండి.

హాల్లో ఒక్క విషయం. నెట్‌లో నెగెటివ్ లేదు, 150 ప్రశ్నలూ పెట్టి రావాల్సిందే. తెలియని అల్యూజన్ వస్తే ముందు అది ఏ కొట్టుదో చూడండి, గ్రీకా, బైబిలా, షేక్‌స్పియరా అని. కొట్టు తెలిస్తే ఆప్షన్లలో ఒకటో రెండో వాటంతటవే పోతాయి. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో తప్పుకు అర మార్కు కోత. అక్కడ కథ తట్టకపోతే వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోండి.