పక్కింటావిడ వేషం: బీ బెనడెరెట్

కేబుల్ వచ్చిన కొత్తలో కార్టూన్ నెట్‌వర్క్‌లో ఫ్లింట్‌స్టోన్స్ చూసినవాళ్లకి బార్నీ భార్య బెటీ గుర్తుండే ఉంటుంది. మొదటి నాలుగు సీజన్లలో ఆ గొంతు బీ బెనడెరెట్‌ది. అంతకు ముందు ట్వీటీ పిట్టను సాకే ముసలావిడ గొంతూ ఈవిడదే. ఆ పాత్రకి తర్వాత జూన్ ఫోరే వచ్చింది కాబట్టి పేరంతా ఆవిడకి వెళ్లింది. తెరమీద కూడా అదే కథ. బీ ఎక్కువగా వేసింది పక్కింటావిడ వేషం. జోకు ఇంకొకరిది, దాన్ని నిలబెట్టే పని ఈవిడది.

పుట్టింది 1906లో న్యూయార్క్‌లో, పెరిగింది శాన్ ఫ్రాన్సిస్కోలో. 1926లో అక్కడి కేఎఫ్ఆర్సీ రేడియోలో చేరింది. ఆ రోజుల్లో స్టేషన్ ఉద్యోగమంటే నటన ఒక్కటే కాదు. పాడాలి, రాయాలి, అవసరమైతే అనౌన్స్ చెయ్యాలి. 1936లో లాస్ ఏంజెలిస్ వెళ్లాక ఆర్సన్ వెల్స్ రేడియో నాటకాల్లో, ఆ తర్వాత కామెడీ షోలలో ఆమెకి ఖాళీ లేకుండా పోయింది. హాస్యనటుడు జాక్ బెన్నీ షోలో టెలిఫోన్ ఆపరేటర్ గెర్‌ట్రూడ్ గేర్‌షిఫ్ట్ ఆమే. పక్క ఆపరేటర్ మేబుల్‌గా సారా బర్నర్. ఇద్దరూ స్విచ్‌బోర్డు ముందు కూర్చుని, లైనులో ఉన్న బెన్నీని వదిలేసి అతని గురించే చెప్పుకునే పుల్లవిరుపు మాటలు ఆ షోకి పెద్ద ఆకర్షణ.

రేడియో నటన అంటే కాగితం చూసి చదవడమేగా అనుకుంటారు. అంత సులువు కాదు. అప్పటి రిబ్బన్ మైకు ముందునించీ వెనకనించీ వింటుంది, రెండు పక్కలా చెవిటిది. అందుకే ఇద్దరు ఆర్టిస్టులు మైకుకి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడేవారు. పాత్ర గదిలోంచి వెళ్లిపోవాలంటే మాట్లాడుతూనే అడుగు వెనక్కి వేసి ఆ చెవిటి పక్కకి జరిగితే చాలు, గొంతు దూరమైపోయినట్టు వినిపిస్తుంది. ఒక్కరే రెండు పాత్రలు చెప్పాలంటే గొంతు ఒక్కటే మారిస్తే సరిపోదు, మైకుకి దూరం కూడా మార్చాలి. లేకపోతే ఎంత గొంతు మార్చినా ఒకే మనిషి రెండు రకాలుగా మాట్లాడుతున్నట్టు తెలిసిపోతుంది. స్క్రిప్టుకి పిన్ను కొట్టకూడదు, విడి కాగితాలే పట్టుకోవాలి. అయిపోయిన కాగితాన్ని తిప్పకుండా నేలమీద కార్పెట్ పైకి జారవిడవాలి. తిప్పితే ఆ గరగర ఇంటింటా వినిపిస్తుంది. ఇదంతా లైవ్. పెద్ద నెట్‌వర్కులు చాలాకాలం రికార్డు చేసిన కార్యక్రమం వెయ్యనివ్వలేదు. అందుకని తూర్పు తీరానికి ఒకసారి చేసి, మూడు గంటలయ్యాక పడమటి తీరానికి అదే ఆట మళ్లీ ఆడేవారు. అప్పటికి గొంతు బొంగురు పోకుండా కాపాడుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

వార్నర్ బ్రదర్స్ కార్టూన్లకి 1943 నుంచి 1955 దాకా ఆడగొంతులు చాలావరకు ఈవిడే చెప్పింది. తెరమీద మాత్రం పేరు లేదు. బగ్స్ బన్నీ లాంటి ముఖ్యపాత్రల గొంతులు చెప్పే మెల్ బ్లాంక్ ఒప్పందం ప్రకారం గొంతు కింద అతని ఒక్కడి పేరే వేసేవారు. నిజానికి అన్యాయమే, కానీ అప్పటి చలామణీ అది. మనకి డబ్బింగ్ అంటే బొమ్మ ముందుంటుంది, గొంతు వెనక వస్తుంది. తెరమీద పెదవులు మూసుకున్నచోట ప, బ, మ పడేట్టు మాట సర్దుకోవాలి. అక్కడ కార్టూన్ పని తలకిందులు. గొంతు ముందు రికార్డవుతుంది. ఆ ట్రాకుని సెకనుకి 24 ఫ్రేముల లెక్కన అక్షరం అక్షరం కొలిచి, ఏ ఫ్రేములో నోరు ఎలా ఉండాలో పట్టీ రాసుకుని, ఆపైన గీస్తారు. లిప్ కలవలేదన్న బెంగ ఆర్టిస్టుకి ఉండదు. ఆ బదులు ఇంకో బరువుంది. మాట నీరసంగా చెబితే బొమ్మా నీరసంగానే గీస్తారు. గీశాక మార్చాలంటే బొమ్మలన్నీ మళ్లీ గియ్యాలి. ముసలావిడ గొంతుకి వణుకు కావాలి, కానీ ఆ వణుకు అచ్చులో ఉండాలి. హల్లులో పెడితే మాట తెలియదు. 1944లో బగ్స్ బన్నీ ఎర్రటోపీ పిల్ల కథలో ఆ పిల్ల గొంతూ ఈవిడదే, చెవులు చిల్లులు పడేలా అరిచే పడుచుపిల్ల. అలాంటి అరుపుల డైలాగులు సెషన్ చివర పెట్టుకోవడం ఏ దేశంలోనైనా గొంతు ఆర్టిస్టులు పాటించే పద్ధతే. ముందే అరిస్తే మిగతా పాత్రలకి గొంతు దొరకదు.

ఇక బ్లాంచ్ మోర్టన్. జార్జ్ బర్న్స్, గ్రేసీ అలెన్ దంపతుల షోలో పక్కింటావిడ. 1950లో టీవీకి వచ్చినప్పుడు రెండు వారాలకోసారి లైవ్, 1952 నుంచి ఫిల్ముమీద. గ్రేసీ పాత్ర లోకం తీరు వేరు. ఆవిడ మాట అడ్డదిడ్డంగా ఉంటుంది, చెప్పేది మాత్రం మనస్ఫూర్తిగా చెబుతుంది. పక్కనున్న బ్లాంచ్ నవ్విందంటే జోకు అక్కడే చచ్చిపోతుంది. మరీ తెల్లబోయినా అంతే, గ్రేసీ పిచ్చిదైపోతుంది. నిజమేనేమో అని సగం నమ్మి, రెండు మాటలు దాటాక అయ్యో అనుకోవాలి. ఆ రెండు మాటల ఆలస్యమే బీ చేతిలోని విద్య. జనం నవ్వుతున్నప్పుడు తర్వాతి మాట ఎప్పుడందుకోవాలో ఇంకో లెక్క. నవ్వు పైకి వెళ్లి దిగడం మొదలెట్టగానే అందుకోవాలి. పూర్తిగా ఆగేదాకా ఆగితే సీను చల్లారుతుంది, ముందే అందుకుంటే నవ్వూ పోతుంది, మాటా పోతుంది. ఫిల్ముకి మారాక ఈ లెక్క మరీ కష్టమైంది. షూటింగులో జనం ఉండరు. తీసినదాన్ని తర్వాత ప్రేక్షకులకి చూపించి వాళ్ల నవ్వు రికార్డు చేసేవారు. అంటే ఎదురుగా ఎవరూ లేకుండా, ఇక్కడ ఇంతసేపు నవ్వుతారని ఊహించి ఆ ఖాళీ వదలాలి. పాతికేళ్లు లైవ్ రేడియోలో జనం నవ్వు విన్న చెవి అక్కడ అక్కరకొచ్చింది.

టీవీలో బ్లాంచ్ మొగుడు హారీ వేషం నలుగురు వేశారు: హాల్ మార్చ్, జాన్ బ్రౌన్, ఫ్రెడ్ క్లార్క్, లారీ కీటింగ్. 1953లో క్లార్క్ బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం)కి వెళ్లిపోతున్నప్పుడు బర్న్స్ చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొగుణ్ని కొట్టడానికి బ్లాంచ్ సిద్ధంగా నిలబడి ఉంది. బర్న్స్ సీను ఆపేసి ముందుకొచ్చి, హారీ వేషానికి కొత్తాయన వచ్చాడని కీటింగ్‌ని జనానికి పరిచయం చేసి, కానివ్వండి అన్నాడు. ఆపిన చోటినుంచే బీ అదే కోపంతో అందుకుంది. మొగుడు మారినా కాపురం మారలేదని జనం నమ్మారంటే అది ఆవిడ చలవే. 1954, 1955 ఎమ్మీ టీవీ అవార్డులకి నామినేట్ అయింది కానీ రెండుసార్లూ రాలేదు.

చేజారినవి కూడా పెద్దవే. లూసీల్ బాల్ రేడియో షోలో ఈవిడే స్నేహితురాలి వేషం వేసేది. 1951లో టీవీలో ఐ లవ్ లూసీ మొదలైనప్పుడు లూసీ స్నేహితురాలు ఎథెల్ పాత్రకి బాల్ మొదట అనుకున్నది ఈవిణ్నే. బర్న్స్ షోకి ఒప్పుకుని ఉండటంతో అది వివియన్ వాన్స్‌కి వెళ్లింది. 1952లో ఒక్క ఎపిసోడ్‌లో పొరుగున ఉండే మిస్ లూయిస్‌గా కనిపించి సరిపెట్టుకుంది. బెవర్లీ హిల్‌బిల్లీస్ అనే టీవీ కామెడీలో ముసలమ్మ పాత్ర కూడా అడిగింది. రచయిత పాల్ హెనింగ్‌కి బక్కపలచని ముసలమ్మ కావాలి, ఈవిడ నిండుమనిషి. ఆ వేషం ఐరీన్ ర్యాన్‌కి వెళ్లింది, బీకి పెర్ల్ వేషం వచ్చింది. గొంతు ఎన్ని వయసులైనా చెబుతుంది, కెమెరా ముందు ఒళ్లు దాగదు.

ఫ్లింట్‌స్టోన్స్ 1960లో మొదలైంది. దాన్ని తీసిన హానా బార్బెరా వాళ్లది పొదుపు యానిమేషన్. మనిషి బొమ్మ కదలదు, నోరూ కళ్లూ మాత్రం మారుతుంటాయి. కాబట్టి బరువంతా గొంతుమీదే. అదృష్టంకొద్దీ అక్కడ ఆర్టిస్టులందరూ రేడియో నాటకంలాగా కలిసి రికార్డు చేసేవారు, ఎదుటివాడి మాటకి బదులు వెంటనే పడేది. 1961 జనవరిలో కారు ప్రమాదంలో ఒళ్లంతా పిండికట్టుతో మంచం పట్టిన మెల్ బ్లాంక్ (బార్నీ ఇతనే) కోసం మైకుని మంచం మీద వేలాడదీసి, మిగతావాళ్లు చుట్టూ చేరి చెప్పారు.

ఎట్టకేలకు 1963లో, 57 ఏళ్లకి, హెనింగ్ ఆమె కోసమే పెట్టికోట్ జంక్షన్ తీశాడు. ముగ్గురు కూతుళ్లతో పల్లెటూరి హోటల్ నడిపే విధవరాలు కేట్ బ్రాడ్లీ. పేరు ముందుకొచ్చిందే కానీ పని అదే. చుట్టూ ఉన్నవాళ్లంతా తిక్కవాళ్లు, మధ్యలో బుద్ధిగా వినే మనిషి ఈవిడ. మరుసటి ఏడు బెటీ గొంతు జెర్రీ జాన్సన్‌కి వెళ్లింది.

1967లో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. చికిత్స కోసం కొన్ని ఎపిసోడ్లు వదిలేసి మళ్లీ వచ్చింది. 1968 అక్టోబర్ 13న పోయింది. రేడియోలో సౌండ్ ఎఫెక్ట్స్ చేసిన భర్త జీన్ ట్వాంబ్లీ నాలుగు రోజులకే గుండెపోటుతో పోయాడు. ఆ నెలలోనే, కేట్‌కి మనవరాలు పుట్టే ఎపిసోడ్ ప్రసారమైంది. అందులో కేట్‌ని వెనకనించే చూపించారు, నిలబడింది వేరే ఆవిడ. గొంతు మాత్రం బీదే.