ప్రీఫైనల్లో 18 మార్కులు, ఆ తర్వాత 12 రోజులు

ప్రీఫైనల్ కెమిస్ట్రీ పేపరు దిద్ది చేతికిచ్చారు. 60కి 18. పాసు కావాలంటే 21 రావాలి. ఏడుపు రాలేదు కానీ, ఇదెలా జరిగిందో మాత్రం అర్థం కాలేదు. స్టాయికియోమెట్రీ, అంటే చర్యలో ఏది ఎంత కావాలో, ఎంత వస్తుందో లెక్కకట్టే పాఠం, మూడుసార్లు చదివాను. నోట్సులో ఎర్ర పెన్నుతో గీతలు కూడా గీసుకున్నాను. తీరా ఆ పాఠంలోంచి వచ్చిన నాలుగు మార్కుల లెక్కకు సున్నా.

అప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. గాఢత అంటే తెలుసు, కాన్సన్‌ట్రేషన్ అంటే ఒక్క క్షణం ఆగాలి. లెక్కలో 'ఎక్సెస్' అనీ, 'రెస్పెక్టివ్‌లీ' అనీ కనిపిస్తే వాటిని దాటేసి అంకెలు మాత్రం ఏరుకునేవాణ్ని. అసలు పరీక్షకు ఇంకా 12 రోజులుంది.

మా వీధి చివరింట్లో బీఎస్సీ చదివే అక్క ఉండేది. అమ్మ పోరు పడలేక పేపరు పట్టుకుని వెళ్లాను. అక్క మార్కులు చూడలేదు. నా నోట్సు తెరిచి, చేసి ఉన్న ఒక లెక్క మీద అట్టముక్క పెట్టి జవాబు మూసేసింది. "ఇప్పుడు చెయ్యి" అంది. 250 మిల్లీలీటర్ల ద్రావణంలో 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ఉంది, మొలారిటీ, అంటే లీటరుకు ఎన్ని మోల్‌లు? మూడుసార్లు చదివిన లెక్కే. రెండో లైను దగ్గర పెన్ను ఆగిపోయింది.

"లెక్కల్ని కథలు చదివినట్టు చదివావురా. కథ అయితే మూడుసార్లు చదివితే నోటికొస్తుంది" అంది.

ఆ రోజు నుంచి అట్టముక్క నా దగ్గరే ఉంది. పెళ్లి శుభలేఖ అట్ట అది. జవాబు మూసెయ్యడం, చెయ్యడం, తర్వాతే తీసి చూడటం. మొదటి రోజు సాయంత్రమంతా కూర్చుంటే ఏడు లెక్కలయ్యాయి, అందులో రెండే ఒప్పు. సోడియం హైడ్రాక్సైడ్ లెక్క మాత్రం రాత్రికి వచ్చింది. సోడియం హైడ్రాక్సైడ్ ఒక మోల్ 40 గ్రాములు, 4 గ్రాములను 40తో భాగిస్తే 0.1 మోల్. అది పావు లీటరులో ఉంది కాబట్టి లీటరుకు 0.4.

నన్ను నిజంగా ఏడిపించింది లిమిటింగ్ రీఏజెంట్, అంటే చర్యలో ముందుగా అయిపోయే పదార్థం. 28 గ్రాముల నైట్రోజన్, 3 గ్రాముల హైడ్రోజన్ కలిపితే ఎంత అమ్మోనియా వస్తుంది? నైట్రోజన్ ఎక్కువుంది కదా అని దాన్ని పట్టుకుని 34 గ్రాములు అని రాశాను. అక్క వంటింటి వైపు చూపించింది.

"మీ ఇంట్లో దోసెల పిండికి ఎంతకెంత వేస్తారు?"

"ఒక గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల బియ్యం అక్కా."

"గ్లాసు మినప్పప్పు ఉంది, బియ్యం గ్లాసున్నరే ఉంది. అప్పుడు?"

"అర గ్లాసు పప్పే నానబెట్టాలి. మిగతాది డబ్బాలో ఉంటుంది."

"మరి ఇక్కడా ఒక నైట్రోజన్‌కి మూడు హైడ్రోజన్లేగా. కాకపోతే నీకిచ్చింది గ్రాముల్లో. ముందు గ్లాసుల్లోకి మార్చు."

మోల్ అంటే గ్లాసు. నైట్రోజన్ మోల్ 28 గ్రాములు, హైడ్రోజన్ మోల్ 2 గ్రాములు. ఆ మాట అనుకోగానే 28 గ్రాములు ఒక గ్లాసైంది, 3 గ్రాములు గ్లాసున్నరైంది. అయిపోయేది హైడ్రోజన్. ఒక మోల్ అమ్మోనియా, అంటే 17 గ్రాములు. ఒక మోల్‌లో ఎన్ని కణాలుంటాయో చెప్పే అవగాడ్రో సంఖ్య ఎవరు అడిగినా 6.022 అని మొదలుపెట్టి గడగడా చెప్పేవాణ్ని, ఆ మోల్ ఎందుకు కావాలో మాత్రం పిండి కలిపే లెక్కతోనే తెలిసింది. ఆ ఒక్క రకం మీదే మూడు రోజులు ఉన్నాను. అన్ని రోజులు పెట్టొచ్చా అని భయం వేసింది కానీ, అది వచ్చాక మొలారిటీ, వాయువుల ఘనపరిమాణం లెక్కలు సగం వాటంతటవే వచ్చాయి.

ఎంపిరికల్ ఫార్ములా, అంటే పదార్థంలో పరమాణువుల కనిష్ఠ నిష్పత్తి, సులభమే అనుకున్నాను, కానీ అక్కడా ఒక గొయ్యి ఉంది. ఐరన్ 70 శాతం, ఆక్సిజన్ 30 శాతం. 70ని 56తో, 30ని 16తో భాగిస్తే 1.25, 1.875. చిన్నదానితో భాగిస్తే 1, 1.5. నేను ఆ ఒకటిన్నరని రెండు చేసేశాను! అలా సర్దకూడదు, రెండు అంకెలనూ రెండుతో హెచ్చించాలి. ఐరన్ రెండు, ఆక్సిజన్ మూడు. పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఈ భాగాహారాలన్నీ చేత్తోనే చేశాను. నిజం చెప్పాలంటే కెమిస్ట్రీ కన్నా భాగాహారమే ఎక్కువ తప్పాను.

తప్పులన్నీ పాత లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసుకోమంది అక్క. ఎడమ వైపు నేను చేసింది, కుడి వైపు ఎందుకు తప్పో ఒక్క వాక్యం. కొన్ని ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. ఒత్తిడి మారకుండా 27 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్న వాయువు ఘనపరిమాణం రెట్టింపు కావాలంటే ఎంతకు వేడి చెయ్యాలి అంటే 54 అని రాశాను. 27 అంటే 300 కెల్విన్, అది 600 కావాలి, అంటే 327 డిగ్రీల సెల్సియస్. ఇంకోటి, 10 టు ది పవర్ మైనస్ 8 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 అని రాశాను. పీహెచ్ 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. "ఆమ్లాన్ని నీళ్లలో కలిపితే క్షారం అయిందారా?" అని అక్క పడి పడి నవ్వింది. అంత పలచటి ద్రావణంలో నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లనూ లెక్కలోకి తీసుకోవాలి, అప్పుడు 6.98 వస్తుంది.

రెడాక్స్, అంటే ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్యలు, మాత్రం నాకు నచ్చింది. ఆమ్ల యానకంలో పర్మాంగనేట్, ఫెర్రస్ అయాన్ల చర్యను అర్ధచర్య పద్ధతిలో చేస్తే, ఐదు ఫెర్రస్ అయాన్లకు ఒక పర్మాంగనేట్, ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు పడతాయి. చివర్లో రెండు వైపులా ఛార్జి కూడితే ప్లస్ 17, ప్లస్ 17. జవాబు ఒప్పో తప్పో ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ సుఖం కోసం అవసరం లేకపోయినా రోజూ ఒకటి చేసేవాణ్ని.

చివరి రెండు రోజులు కొత్త లెక్క ఒక్కటీ ముట్టుకోలేదు, తప్పుల పేజీలే తిప్పాను. మొత్తం 23 తప్పులు. వాటిలో తొమ్మిది యూనిట్లవే, మిల్లీలీటర్లను లీటర్లు చెయ్యకపోవడం, లీటరు అట్మాస్ఫియర్లలో పని చేస్తూ వాయు స్థిరాంకం 0.0821కి బదులు 8.314 వేసెయ్యడం లాంటివి. ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టక, పదకొండింటికి లేచి అట్టముక్కతో మళ్లీ మూడు చేశాను. మూడూ వచ్చాక పడుకున్నాను.

పరీక్షలో రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడులో రెండు రాయాల్సి ఉండేది. రెడాక్స్ చూడగానే ముందు దాన్నే రాసి, ఛార్జి కూడి చూసుకుని, అప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చాను. ఒక చిన్న లెక్కలో యూనిట్ రాయడం మర్చిపోయానని బయటికొచ్చాక గుర్తొచ్చింది. అంత జాగ్రత్త పడీ!

రిజల్ట్ రోజున 44 అని చెబితే అక్క ముందు వీపు మీద చరిచింది. తర్వాత "మిగతా 16 ఎక్కడ పోయాయిరా?" అంది.

"ఆర్గానిక్ అక్కా. అది అసలు తెరవలేదు."

"సరే, ఎండలు తగ్గాక రా" అని లోపలికి వెళ్లింది. అట్టముక్క నా దగ్గరే ఉంది.